గిటార్ శిక్షణ: తొలి ఏడాది

గిటార్ ఎలా పట్టుకోవాలో కూడా తెలియని దశ నుంచి, పక్కన ఎవరైనా పాడుతుంటే తాళం తప్పకుండా తోడు వాయించగలిగే దశ దాకా సాగే అభ్యాసాన్ని గిటార్ ప్రాథమిక శిక్షణ అంటారు. రోజూ కాసేపు సాధన చేసేవారికి ఇందుకు ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. మొదలుపెట్టిన వారిలో ఎక్కువమంది అంతదూరం రారు. అమెరికాకు చెందిన ఫెండర్ గిటార్ల కంపెనీకి అధిపతిగా పనిచేసిన ఆండీ మూనీ చెప్పిన లెక్క ప్రకారం, కొత్తగా గిటార్ కొన్నవారిలో దాదాపు 90 శాతం మంది ఏడాది తిరక్కుండానే దాన్ని పక్కన పెట్టేస్తారు. వేళ్లు నొప్పి పుట్టాయనో, కార్డ్‌లు (కలిపి ఒకేసారి మోగించే స్వరాలు) మార్చడం చేతకాలేదనో వాళ్లు చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. అయితే నొప్పికి చాలాసార్లు కారణం సరిగా అమర్చని వాయిద్యం. విసుగుకు కారణం ఎడమచేతిని మాత్రమే పట్టించుకుని కుడిచేతిని గాలికి వదిలేసే బోధన. రెండూ సరిచేసుకోదగినవే.

ఏ గిటార్‌తో మొదలుపెట్టాలి

దుకాణంలో కనబడే గిటార్లు మూడు రకాలు. నైలాన్ తీగలుండేది క్లాసికల్ గిటార్. స్పెయిన్‌లోని అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె టోర్రెస్ (1817–1892) 19వ శతాబ్దంలో దీనికి ఇప్పటి ఆకారం, కొలతలు ఇచ్చాడు. అప్పట్లో తీగలు జంతువుల పేగులతో చేసేవారు. 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ తీగలు తయారుచేశాక, ఆండ్రెస్ సెగోవియా వంటి విద్వాంసుడు వాటిని వాడటంతో పేగు తీగల కాలం ముగిసింది. ఉక్కు తీగలుండే అకౌస్టిక్ గిటార్ అమెరికాలో పెరిగింది. దాని చరిత్రలో పెద్ద పేరు 1833లో మొదలైన మార్టిన్ కంపెనీది. మూడోది ఎలక్ట్రిక్. 1930ల ఆరంభంలో రికెన్‌బాకర్ గిటార్లతో అది మార్కెట్లోకి వచ్చింది. 1950ల్లో ఫెండర్, గిబ్సన్ తెచ్చిన మోడళ్లనే ఈనాటికీ కాస్త మార్చి అమ్ముతున్నారు.

ముందు అకౌస్టిక్ నేర్చుకుని, చెయ్యి తిరిగాక ఎలక్ట్రిక్‌కు వెళ్లాలని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. దీనికి ఆధారమేమీ లేదు. వేళ్ల పరంగా చూస్తే ఎలక్ట్రిక్కే సులువు, ఎందుకంటే దాని తీగలు సన్నగా, మెట్లకు (ఫ్రెట్లకు) దగ్గరగా ఉంటాయి. సాధారణ అకౌస్టిక్ గిటార్ మీద ఆరు ఉక్కు తీగలు కలిసి 70 కిలోలకు పైగా బరువుతో లాగుతుంటాయి. నైలాన్ తీగల లాగుడు అందులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి వేలి కొసలకు నైలాన్ మెత్తగా ఉంటుంది. కానీ క్లాసికల్ గిటార్ మెడ వెడల్పు. తీగలు మొదలయ్యే చోట అది దాదాపు 52 మిల్లీమీటర్లుంటే, అకౌస్టిక్‌లో 43 దాకా ఉంటుంది. చిన్న చేతులవారికి ఆ తేడా బాగా తెలుస్తుంది. మీ చెవికి ఏ సంగీతం ఇష్టమో ఆ గిటార్‌తోనే మొదలుపెట్టడం మంచిది. సినిమా పాటలు పాడుతూ వాయించాలనుకునే కుర్రాడి చేతిలో క్లాసికల్ గిటార్ పెట్టి ఆరు నెలలు స్పానిష్ అభ్యాసాలు చేయిస్తే, వాడు మానేయడంలో తప్పేమీ లేదు.

ఏ రకం కొన్నా చూడవలసింది తీగ ఎత్తు. గిటార్ వాళ్లు దీన్ని యాక్షన్ అంటారు. పన్నెండో మెట్టు మీద స్కేలు నిలబెట్టి, మెట్టు పైభాగానికీ అన్నిటికంటే లావైన ఆరో తీగ కింది అంచుకూ మధ్య దూరం కొలవాలి. అకౌస్టిక్‌లో అది రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. చవకగా దొరికే చాలా గిటార్లలో నాలుగు మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. మొదటి మెట్టు దగ్గర ఒక కార్డ్ పట్టడం నరకంగా ఉండి, మూడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి అదే ఆకారం పడితే సులువుగా పలికిందంటే, లోపం ఎక్కువగా నట్‌లో ఉంటుంది. తీగలు తల వైపు నుంచి దిగే చోట గాళ్లు ఉన్న తెల్ల పట్టీని నట్ అంటారు. ఆ గాళ్లను లోతు చేయించాలి, కింద తీగలు ఆనే సాడిల్‌ను అరగదీయించాలి, మెడ లోపలి ట్రస్ రాడ్‌ను సరిచూడాలి. ఈ పనులన్నిటినీ కలిపి సెటప్ అంటారు. పని తెలిసిన మరమ్మతుదారు చేతిలో అది పూట పని. దాని తర్వాత మామూలు గిటార్ కూడా మాట వింటుంది. యమహా ఎఫ్-280 వంటి మోడళ్లు మన దేశంలో కొత్తవారికి విరివిగా సిఫారసు కావడానికి కారణం వాటి నాదం గొప్పదని కాదు, తయారీలో కొలతలు నమ్మదగినవి కావడం.

పిల్లలకు అర, ముప్పావు సైజు గిటార్లు దొరుకుతాయి. ఎడమచేతి వాటం వారు తీగలు తిరగేసి కట్టిన గిటార్ కొనుక్కోవచ్చు, లేదా మామూలు గిటారే నేర్చుకోవచ్చు. జిమీ హెండ్రిక్స్ మొదటి పద్ధతిలో వాయించాడు. ఎలిజబెత్ కాటెన్ తీగలు మార్చకుండా గిటార్‌నే తలకిందులు చేసి, బొటనవేలితో పైస్థాయి తీగలు మీటింది.

తీగలు, మెట్లు, స్వరాలు

తీగలను కింది నుంచి పైకి లెక్కిస్తారు. సన్నది ఒకటో తీగ, లావుది ఆరోది. లావు తీగ నుంచి వాటి స్వరాలు ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఆరో తీగ సెకనుకు సుమారు 82 సార్లు, ఒకటో తీగ 330 సార్లు కంపిస్తాయి. అంటే రెండింటి మధ్య సరిగ్గా రెండు స్థాయిల తేడా. ఒక తీగను షడ్జమం అనుకుంటే పక్క తీగ దాని శుద్ధ మధ్యమం. మూడో తీగకూ రెండో తీగకూ మధ్య మాత్రం అంతర గాంధారం దూరమే ఉంటుంది. అందుకే చెవితో శ్రుతి చేసేటప్పుడు ప్రతి తీగనూ అయిదో మెట్టు దగ్గర నొక్కి పక్క ఖాళీ తీగతో సరిపోలుస్తారు గానీ, మూడో తీగను మాత్రం నాలుగో మెట్టు దగ్గర నొక్కుతారు. ఇప్పుడు ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్‌లు, తలకు తగిలించే చిన్న క్లిప్ ట్యూనర్లు ఉన్నాయి. వాటిని వాడటం తప్పు కాదు. గిటార్‌ను గురువే శ్రుతి చేసి చేతికిచ్చే తరగతిలో మాత్రం విద్యార్థి చెవి ఎదగదు.

వీణలో మెట్లు మైనం మీద నిలుస్తాయి, గిటార్‌లో చెక్కలో దిగి ఉంటాయి. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేయడం వల్ల ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా తీగ పొడవు ఒకే నిష్పత్తిలో, 1.0595తో భాగించినట్టు, తగ్గుతుంది. 650 మిల్లీమీటర్ల తీగకు మొదటి మెట్టు నట్‌కు 36.5 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండోది సరిగ్గా సగంలో, 325 దగ్గర వస్తాయి. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరపడేది ఇందుకే.

కర్ణాటక సంగీతం కొంత తెలిసినవారికి కార్డ్‌లు త్వరగా అర్థమవుతాయి. షడ్జమం, అంతర గాంధారం, పంచమం కలిపి ఒకేసారి మోగిస్తే మేజర్ కార్డ్. గాంధారాన్ని సాధారణ గాంధారానికి దించితే మైనర్ కార్డ్. శంకరాభరణం స్వరాలతో కట్టిన పాటకు స, మ, ప ల మీద మేజర్ కార్డ్‌లు, రి, గ, ధ ల మీద మైనర్ కార్డ్‌లు వస్తాయి. సి అనే స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే అవి వరుసగా సి, ఎఫ్, జి, ఆపైన డి మైనర్, ఇ మైనర్, ఎ మైనర్. ఈ ఆరింటిలో నాలుగు వస్తే ఎన్నో సినిమా పాటల పల్లవులు నడిపించవచ్చు.

నేర్పే పుస్తకాలు

కొత్తవాళ్ల కోసం తీగ వాయిద్యాల పాఠ్యపుస్తకాలు రాయడం పాత అలవాటే. లూయిస్ మిలాన్ 1536లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో అచ్చువేయించిన ‘ఎల్ మాయెస్ట్రో’ గిటార్‌ను పోలిన విహ్వేలా కోసం రాసింది. సులువైన రచనల నుంచి కష్టమైన వాటికి వరుసగా నడుస్తుంది. అందులో స్వరాలను ట్యాబ్‌లో, అంటే ఆరు గీతల మీద మెట్ల అంకెలతో చూపాడు. పైగీత సన్న తీగ కావడం కూడా ఈనాటి ట్యాబ్‌లాగే ఉంటుంది. కటలోనియాకు చెందిన వైద్యుడు జువాన్ కార్లోస్ అమాత్ 1596లో రాసిన చిన్న పుస్తకం ఇంకా ఆసక్తికరం. పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కార్డ్‌లకు అంకెలు కేటాయించి, సంగీత లిపి రానివారు కూడా పాటకు తోడు వాయించే దారి చూపాడు. పాట మాటల పైన కార్డ్ పేర్లు రాసి నేర్పే నేటి పద్ధతికి ఆయనే ఆద్యుల్లో ఒకడు.

క్లాసికల్ బోధన వేరే దారి పట్టింది. మావ్రో జూలియాని తన మొదటి రచనగా సంఖ్య వేసుకున్న పుస్తకంలో కుడిచేతికి 120 అభ్యాసాలు ఇచ్చాడు. మార్పేదల్లా వేళ్ల వరుసే, ఎడమచేతికి రెండంటే రెండే కార్డ్‌లు. తొలి ఏడాది వేధించే సమస్య ఎక్కడుందో ఆయన రెండు శతాబ్దాల కిందటే గుర్తించాడు. ఫెర్నాండో సోర్ సిద్ధాంతగ్రంథం 1830లో, మత్తేయో కర్కస్సీ పాఠావళి ఆ దరిదాపుల్లోనే వచ్చాయి. ఆ రెండింటిలోని అభ్యాసాలు ఇప్పటికీ పరీక్షల్లో ఉన్నాయి. 20వ శతాబ్దంలో పాప్ సంగీతం రాగానే చిన్న పుస్తకాలు రాజ్యమేలాయి. బ్రిటన్‌లో బర్ట్ వీడన్ 1957లో ‘ప్లే ఇన్ ఎ డే’ రాశాడు. పేరు చెప్పినట్టు ఒక్కరోజులో ఎవరికీ రాలేదు గానీ, ఎరిక్ క్లాప్టన్, బ్రయాన్ మే వంటివారు దానితోనే మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాకు చెందిన జస్టిన్ శాండర్‌కో 2003 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన పాఠాలు ఈ తరానికి ఆ పుస్తకాల స్థానంలో నిలిచాయి.

ఎడమచేతి పని

కుర్చీ అంచున నిటారుగా కూర్చోవాలి. గిటార్ నడుము కుడి తొడ మీద ఆనాలి. క్లాసికల్ పద్ధతిలో అయితే ఎడమ కాలి కింద చిన్న పీట వేసి ఎడమ తొడ మీద ఆనిస్తారు. ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించాలి. చూపుడువేలు ఒకటి, చిటికెనవేలు నాలుగు అని లెక్క. తీగను మెట్టు మీద కాకుండా మెట్టుకు సరిగ్గా వెనుక, దాన్ని దాదాపు తాకుతూ నొక్కాలి. అక్కడ సగం బలం చాలు. రెండు మెట్ల నడుమ నొక్కినవాడికి తీగ బుస్సుమంటుంది, ఇంకా గట్టిగా నొక్కుతాడు, నొప్పి పుడుతుంది. మొదటి వారం ఫిర్యాదుల్లో చాలావరకు వేలు ఒక సెంటీమీటరు ముందుకు జరిపితే పోయేవే.

మొదటి కార్డ్‌గా ఇ మైనర్ ఇస్తారు. అయిదో తీగ, నాలుగో తీగ, రెండింటినీ రెండో మెట్టు దగ్గర నొక్కితే చాలు, తక్కినవి ఖాళీ. తర్వాత ఎ మైనర్: రెండో తీగ మొదటి మెట్టు మీద చూపుడువేలు, నాలుగో తీగ రెండో మెట్టు మీద మధ్యవేలు, మూడో తీగ రెండో మెట్టు మీద ఉంగరపు వేలు. ఇదే ఆకారాన్ని ఒక తీగ పైకి, లావు తీగల వైపు జరిపితే ఇ మేజర్. ఎ మైనర్ పట్టి, చూపుడువేలు, మధ్యవేలు కదపకుండా ఉంగరపు వేలిని మాత్రం అయిదో తీగ మూడో మెట్టుకు తీసుకెళితే సి మేజర్. మంచి గురువు కార్డ్‌లను అక్షరక్రమంలో కాకుండా ఈ చుట్టరికాల వరుసలో చెబుతాడు. అప్పుడు విద్యార్థి బొమ్మలు బట్టీపట్టడు, వేళ్ల నడక నేర్చుకుంటాడు.

ఎఫ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. చూపుడువేలితో ఆరు తీగలనూ మొదటి మెట్టు దగ్గర అడ్డంగా నొక్కే బార్ కార్డ్ అది, పైగా తీగ బిగువు ఎక్కువగా తెలిసే చోటు. దీన్ని మూడో నెలలోనే పూర్తి రూపంలో అడగనక్కర్లేదు. పైన చెప్పిన నట్ పరీక్ష ముందు చేయాలి. ఆ తర్వాత సన్నటి నాలుగు తీగలకే పరిమితమైన చిన్న ఎఫ్ నేర్పాలి. అసలు బార్ ఆకారాన్ని అయిదో మెట్టు దగ్గర అలవాటు చేసి ఒక్కో మెట్టూ కిందికి దింపాలి.

కుడిచేతి పని

కొత్తవాళ్ల వాయింపు వినలేకపోవడానికి కారణం తప్పు కార్డ్ కాదు, ఆగిన చెయ్యి. కార్డ్ మారే ప్రతిసారీ కుడిచేయి ఎడమచేతి కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతుంది. పాడేవాడు ఆగడు కదా. దీనికి మందు ఒకటే: ఎడమచేతిని తీగల మీద తేలిగ్గా ఆనించి మోత లేకుండా చేసి, కుడిచేతితో నడక మాత్రమే సాధన చేయడం. చెయ్యి కిందికీ పైకీ ఆడుతూనే ఉండాలి. తీగలను తాకినా తాకకపోయినా ఆ ఊపు ఆగకూడదు. అందరూ మొదట నేర్చుకునే నడక కింద, కింద-పైన, పైన-కింద-పైన. ఇందులో మూడో దెబ్బ దగ్గర చెయ్యి కిందికి దిగుతుంది గానీ తీగను తాకదు. ఆ తాకని దెబ్బ పట్టుబడితే మిగతా నడకలు వాటంతట అవే వస్తాయి.

నాలుగు దెబ్బల నడకతో పాటు ఆరు మాత్రల నడకను తెలుగు విద్యార్థులకు మొదటి నెలల్లోనే చెప్పాలి. మన సినిమా పాటల్లో, జానపదాల్లో ఆ నడక అంత ఎక్కువ. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు దాన్ని చాలా ఆలస్యంగా పరిచయం చేస్తాయి. చిన్నప్పుడు తొడ మీద తాళం వేస్తూ సరళీ వరుసలు పాడినవారికి మూడు కాలాలు ఒంట్లో ఉంటాయి. వాళ్లు తాళం కొట్టే యంత్రమైన మెట్రోనోమ్‌ను శత్రువుగా చూడరు. తక్కినవారు నిమిషానికి 60 దెబ్బల వేగంతో మొదలుపెట్టాలి.

శ్రుతి, కేపో

తెలుగు ఇళ్లల్లో గిటార్ ఎక్కువగా పాటకు తోడుగానే మోగుతుంది, కాబట్టి పాడేవారి శ్రుతి ముఖ్యం. మన లెక్కలో ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, అయిదు అంటే జి, అయిదున్నర అంటే జి షార్ప్. అమ్మాయి అయిదున్నరలో పాడుతుంటే మొదటి మెట్టు మీద కేపో బిగించి జి ఆకారాలు పడితే సరిపోతుంది. అబ్బాయి ఒకటిన్నరలో పాడుతుంటే అదే చోట కేపోతో సి ఆకారాలు, లేదా నాలుగో మెట్టు మీద కేపోతో ఎ ఆకారాలు. గొంతును గిటార్‌కు సర్దడం కంటే గిటార్‌ను గొంతుకు సర్దడం నయం.

సాధన, గురువు, పరీక్ష

ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు మేలు. వేలి కొసలు గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మధ్యలో వారం మానేస్తే మళ్లీ మెత్తబడతాయి. కొసల నొప్పి మామూలే. మణికట్టు, మోచేయి నొప్పి వస్తే మాత్రం సాధన ఆపి పట్టు మార్చుకోవాలి. శాండర్‌కో ప్రచారంలోకి తెచ్చిన ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది: రెండు కార్డ్‌ల మధ్య ఒక నిమిషంలో ఎన్నిసార్లు మారగలిగామో లెక్కపెట్టి రాసుకోవడం. అరవై దాటితే ఆ జత పాటలో వాడుకోవచ్చు. మోత శుభ్రంగా రాకపోయినా లెక్క ఆపకూడదు. వేగం వచ్చాక శుభ్రత వస్తుంది.

వీడియోలు చూసి నేర్చుకున్నవారు వేలల్లో ఉన్నారు, తెలుగులోనూ అలాంటి పాఠాలకు కొదవ లేదు. అయితే మీ మణికట్టు వంకర వీడియోకు కనపడదు. మొదటి మూడు నెలలైనా మనిషి ఎదుట కూర్చుని నేర్చుకుంటే ఆ తర్వాత ఎవరి దారి వారు చూసుకోవచ్చు. గురువును ఎంచుకునేటప్పుడు ఆయన ఎంత వేగంగా వాయిస్తాడో చూడటం దండగ. విద్యార్థి వాయిస్తుండగా ఆయన కళ్లు ఏ చేతి మీద ఉన్నాయో చూడాలి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని సంగీత శిక్షణ కేంద్రాలు చాలావరకు లండన్‌లోని ట్రినిటీ కళాశాల గ్రేడ్ పరీక్షలకు పంపుతాయి. ఇనీషియల్‌తో మొదలై ఎనిమిదో గ్రేడ్ దాకా ఉంటాయి. క్లాసికల్‌కు వేరు, రాక్ అండ్ పాప్‌కు వేరు పాఠ్యక్రమాలు. పిల్లలకు ఈ పరీక్షలు ఒక క్రమం ఇస్తాయి. కానీ సర్టిఫికెట్ కోసమే ఏడాదంతా మూడు రచనలు బట్టీపట్టించే తరగతి నుంచి బయటికి వచ్చిన పిల్లవాడు పుట్టినరోజు పాట కూడా వాయించలేడు. పెద్దలకు తొలి ఏడాది పరీక్ష అక్కర్లేదు.

తెలుగు శ్రోత వినే గిటార్

తెలుగు పాటలో గిటార్‌ను ఎంతగానో వినిపించిన ఇళయరాజా సినిమాల్లో గిటార్ వాద్యకారుడిగా పనిచేసినవాడే, ట్రినిటీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం అందుకున్నవాడే. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) విషయంలో కొత్త విద్యార్థికి ఒక సందేహం వస్తుంది: స్థిరమైన మెట్లున్న వాయిద్యం మీద మన రాగం పలుకుతుందా? పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) గిటార్‌కు దగ్గరి బంధువైన ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద దానికి జవాబు చెప్పాడు. ఆయన దగ్గర మాండొలిన్ నేర్చుకున్న దేవిశ్రీ ప్రసాద్ తర్వాత సినీ సంగీత దర్శకుడయ్యాడు. గిటార్ మీదే కర్ణాటక కచేరీలు చేసే ఆర్. ప్రసన్న మరో ఉదాహరణ. ఉత్తరాదిలో విశ్వమోహన్ భట్ గిటార్‌ను మార్చి మోహన వీణ చేశాడు. అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకు 1994లో గ్రామీ అందుకున్నాడు. అయితే తీగను పక్కకు లాగి స్వరం ఊపడం రెండో ఏడాది పని. వేలి కొసలు గట్టిపడకముందే దానికి దిగితే తీగా తెగుతుంది, వేలూ తెగుతుంది.

సముద్ర తీరపు ఊళ్లలో ఉక్కు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి పెడితే మరికొన్ని వారాలు మన్నుతాయి. మే నెలలో ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలితే జిగురు సడలి, సాడిల్‌ను పట్టి ఉంచే బ్రిడ్జ్ లేస్తుంది, అది చిన్న మరమ్మతుతో పోదు. ఇప్పుడు గిటార్ కొనబోతున్నవారు బడ్జెట్ మొత్తాన్నీ వాయిద్యం మీదే పెట్టకండి. అందులోంచి ముందుగా సెటప్‌కు, ఒక క్లిప్ ట్యూనర్‌కు, కేపోకు, మూడు నెలల గురువు ఫీజుకు తీసి పక్కన పెట్టి, మిగిలినదానితో గిటార్ కొనండి.